లెసోతో కొండ జిల్లాలో హెచ్‌ఐవీ పరీక్షలు పెంచాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: లెసోతోలో ఒక కొండ జిల్లాకి హెచ్‌ఐవీ కార్యక్రమం చూసుకోవడానికి వెళ్తున్నాను. ఏడాదిలో పరీక్షల సంఖ్య రెట్టింపు చేయాలని లక్ష్యం పెట్టారు. కొన్ని క్లినిక్కులు, ఊళ్లలో ఆరోగ్య కార్యకర్తలు, ఒక వాహనం ఉన్నాయి. క్లినిక్కుకి వచ్చేది ఎక్కువగా ఆడవాళ్లే. స్వీయ పరీక్ష కిట్లు పంచితే లక్ష్యం తీరుతుందా? ఏది ముందు చేయాలి?

జవాబు:

వెళ్లీ వెళ్లగానే ఆ లక్ష్యాన్ని మార్చమని అడగండి. పరీక్షల సంఖ్య రెట్టింపు చేయడం పెద్ద కష్టం కాదు. క్లినిక్కుకి వచ్చే ఆడవాళ్లకే ఏడాదిలో రెండుమూడు సార్లు పరీక్ష చేస్తే అంకె వచ్చేస్తుంది. కానీ తనకి వైరస్ ఉందని తెలియని మనిషి మాత్రం అలాగే మిగిలిపోతాడు. మీరు అడగాల్సిన లక్ష్యం వేరు: కొత్తగా బయటపడినవాళ్లు ఎంతమంది, వాళ్లలో వారంలోపు మందు మొదలుపెట్టినవాళ్లు ఎంతమంది, ఇంతవరకూ ఒక్కసారి కూడా పరీక్ష చేయించుకోని మగవాళ్లలో ఎంతమందిని చేరాం.

ఎందుకంటున్నానో లెక్క చూడండి. 2020 జాతీయ సర్వే ప్రకారం లెసోతోలో 15 ఏళ్లు దాటినవాళ్లలో దాదాపు 23 శాతం మందికి హెచ్‌ఐవీ ఉంది. ఆడవాళ్లలో 27 శాతం పైన, మగవాళ్లలో 18 శాతం దగ్గర. అదే సర్వేలో వైరస్ ఉన్నవాళ్లలో సుమారు 90 శాతం మందికి ఆ సంగతి ముందే తెలుసు. తెలిసినవాళ్లలో 97 శాతం మంది మందుల మీద ఉన్నారు. అంటే వెయ్యి మంది పెద్దవాళ్లుంటే అటూఇటుగా 220 మందికి వైరస్ ఉంది, వాళ్లలో 200 మందికి తెలుసు. మిగిలిన 800 మందిలో మీరు వెతుకుతున్నది 20 మందిని. నూటికి రెండున్నర. ఎంచుకోకుండా పరీక్షలు చేస్తూ పోతే ఒక కొత్త వ్యక్తి దొరకడానికి 40 పరీక్షలు కావాలి. ఆ 20 మందీ ఎవరు? తెలియకుండా మిగిలిపోయే అవకాశం ఎక్కువగా ఉన్నవాళ్లు: మగవాళ్లు, పాతికేళ్లలోపువాళ్లు, పని కోసం దక్షిణాఫ్రికా వెళ్లి వచ్చేవాళ్లు, కొండల మీద పశువుల దగ్గర ఉండే కాపరులు. అందరికీ తలుపు తెరిచామనే పేరు మీద ఇప్పటికే వస్తున్నవాళ్లకి ఇంకో తలుపు తెరిస్తే వీళ్లకి ఒరిగేదేమీ ఉండదు.

కాబట్టి మొదటి రెండు వారాలు కొత్త కార్యక్రమం ఏదీ మొదలుపెట్టకండి. ప్రతి క్లినిక్కులో గడిచిన 12 నెలల పరీక్షల రిజిస్టరు తీసి నాలుగు విషయాలు రాసుకోండి: వయసు, ఆడా మగా, ఏ ఊరు, ఏ విభాగంలో పరీక్ష జరిగింది. మొదటిసారి చేయించుకుంటున్నవాళ్లు ఎంతమందో విడిగా లెక్కపెట్టండి. దాన్ని జనాభా లెక్కల్లోని ఊరివారీ అంకెల పక్కన పెడితే ఏ ఊళ్లో ఏ వయసువాళ్లు రావడం లేదో కనిపిస్తుంది. ఈ పని చేసినప్పుడు ఇంకో సంగతి కూడా బయటపడుతుంది. కొత్తగా పాజిటివ్ అని రాసినవాళ్లలో కొందరు నిజానికి పాతవాళ్లే. వేరే చోట మందు తీసుకుంటూ ఇక్కడికి మారినవాళ్లు, మందు ఆపేసి ఆ మాట చెప్పడానికి భయపడినవాళ్లు, ప్రార్థనతో నయమైందేమో చూసుకుందామని వచ్చినవాళ్లు. మందలించే గొంతుతో అడిగితే వీళ్లు ఎప్పటికీ చెప్పరు. "చాలామంది ఇంతకుముందు ఎక్కడో మందు మొదలుపెట్టి మానేసి మళ్లీ వస్తుంటారు, మీకూ అలా జరిగిందా?" అని అడిగితే చెబుతారు. అనుమానం ఉంటే మొదటి వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత ఉందో చెప్పే పరీక్ష) చూడండి. కొత్తగా బయటపడ్డారనుకున్న మనిషి రక్తంలో వైరస్ దాదాపు కనిపించకపోతే, ఆ మనిషి ఎక్కడో మందు వాడుతున్నట్టే అనుకోవచ్చు. మందు ఆపేసి వచ్చినవాళ్లని మళ్లీ మందులోకి తేవడం కూడా మీ పనే. దాన్ని చిన్నచూపు చూడకండి, కాకపోతే వేరే గడిలో రాయండి.

తర్వాత క్లినిక్కు లోపలే ఏం జారిపోతోందో చూడండి. ఇక్కడ దొరికేంత చవకగా మనుషులు ఇంకెక్కడా దొరకరు. క్షయ రిజిస్టరులో హెచ్‌ఐవీ గడి ఖాళీగా ఉన్న పేర్లు, సుఖవ్యాధి లక్షణాలతో వచ్చి మందు తీసుకుని వెళ్లిపోయిన మగవాళ్లు, బరువు పెరగని పిల్లలు, గర్భిణుల కార్డుల్లో భర్త పరీక్ష రాయని చోటు. చాలామంది వద్దనలేదు, వాళ్లని ఎవరూ అడగలేదు. బోట్స్‌వానా 2004లోనే ఆస్పత్రికి వచ్చిన ప్రతి ఒక్కరికీ పరీక్ష మామూలుగా చేసే పద్ధతి తెచ్చింది, వద్దనే హక్కు రోగికి ఉంచుతూనే. కాగితం మీద ఇప్పుడు ఈ ప్రాంతంలో చాలా దేశాల్లో అదే పద్ధతి. అమలు చెడేది వరుస దగ్గర. నర్సు చూసి, కౌన్సెలర్ గదికి పంపి, అక్కడ ఇంకో వరుసలో కూర్చోబెడితే మగవాడు లేచి వెళ్లిపోతాడు. నర్సు కూర్చున్న బల్ల దగ్గరే వేలికి సూది గుచ్చి, ఆ 15 నిమిషాల్లో మిగతా పరీక్ష ముగించేలా మార్చండి. సాయంత్రం పూట ఒక రోజు, శనివారం ఒక పూట క్లినిక్కు తెరిచి ఉంచండి.

ఇప్పటికే వైరస్ ఉన్నవాళ్ల భాగస్వాముల్నీ, పిల్లల్నీ పరీక్షకి పిలవడం రెండో పని. కొత్తవాళ్లు దొరికే శాతం ఇక్కడే ఎక్కువ, హాని జరిగే అవకాశమూ ఇక్కడే ఎక్కువ. నాలుగు దారులుంటాయి: రోగే స్వయంగా చెప్పడం, గడువు పెట్టుకుని ఆలోపు రోగి చెప్పకపోతే సిబ్బంది చెప్పడం, సిబ్బంది నేరుగా (రోగి పేరు ఎత్తకుండా) పిలవడం, ఇద్దరినీ కూర్చోబెట్టి కలిసి చెప్పడం. ఏ దారో రోగి ఎంచుకోవాలి. పేరు అడిగే ముందే ప్రతి భాగస్వామి గురించీ విడివిడిగా అడగండి: కొట్టాడా, బెదిరించాడా, ఈ సంగతి తెలిస్తే ఇంట్లోంచి గెంటేస్తాడని భయం ఉందా. ఒక్కదానికైనా అవునంటే ఆ పేరు పక్కన పెట్టండి, ఆవిడకి ముందు ఏ సహాయం కావాలో చూడండి. కౌన్సెలర్‌కి నెలకి ఇన్ని పేర్లు తేవాలని కోటా పెడితే ఈ ప్రశ్నలు మొక్కుబడిగా మారతాయి, ఒత్తిడి మొదలవుతుంది, ఆ మాట ఊళ్లో పాకి క్లినిక్కుకి రావడమే మానేస్తారు. పేర్లకి కోటా పెట్టకండి. పిల్లల విషయంలో మాత్రం పట్టుదలగా ఉండండి. తల్లికి వైరస్ ఉంటే 19 ఏళ్లలోపు పిల్లలందరికీ పరీక్ష జరిగిందో లేదో ఆవిడ ఫైల్లోనే రాసి ఉండాలి. పదకొండేళ్ల పిల్లాడు బాగానే ఉన్నాడు కదా అని వదిలేయకండి. పుట్టుకతో వచ్చిన వైరస్‌తో ఏ చికిత్సా లేకుండా ఆ వయసు దాకా వచ్చినవాళ్లు ఉన్నారు.

ఇక మీరడిగిన స్వీయ పరీక్ష కిట్లు. పనికొస్తాయి, పూర్తి జవాబు కావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో వీటిని సిఫారసు చేసింది. 2017లో ఓరాక్విక్ అనే నోటి ద్రవం కిట్‌ని పేద, మధ్యాదాయ దేశాలకి రెండు డాలర్లకి ఇచ్చే ఒప్పందం కుదిరింది. లెసోతోలోనే బుథా-బుథే, మొఖోట్లాంగ్ జిల్లాల్లో జరిగిన ఒక ట్రయల్ మీకు నేరుగా పనికొస్తుంది. ఇంటింటికీ వెళ్లినప్పుడు ఎవరైనా ఇంట్లో లేకపోతే, కొన్ని ఊళ్లలో క్లినిక్కుకి రమ్మని చీటీ ఇచ్చారు. మిగతా ఊళ్లలో ఇంట్లో ఉన్నవాళ్లకి నేర్పించి, లేనివాళ్ల కోసం నోటి ద్రవం కిట్ వదిలివెళ్లారు, ఊరి ఆరోగ్య కార్యకర్త తర్వాత వచ్చి ఫలితం కనుక్కుంది. నాలుగు నెలల్లో మొదటి పద్ధతిలో 60 శాతం మంది స్థితి తెలిస్తే, రెండో పద్ధతిలో 81 శాతం మందిది తెలిసింది. ఇక్కడ కిట్ ఎంత ముఖ్యమో, తిరిగి వచ్చి తలుపు తట్టిన కార్యకర్త కూడా అంతే ముఖ్యం. ఆవిడకి జీతం, ప్రయాణ ఖర్చు బడ్జెట్‌లో లేకుండా కిట్లు మాత్రం కొనకండి.

కిట్ ఒక్కటే చాలదని మలావీ లెక్కలు కూడా చెబుతాయి. బ్లాంటైర్‌లో గర్భిణుల చేత భర్తలకి కిట్ పంపిన ట్రయల్‌లో, కిట్ మాత్రమే ఇచ్చినప్పుడు నెలలోపు పరీక్ష చేసుకుని క్లినిక్కుకి వచ్చిన మగవాళ్లు 17.5 శాతం. క్లినిక్కుకి వస్తే మూడు డాలర్లు ఇస్తామన్నప్పుడు 40.9 శాతం, పది డాలర్లకి 51.7 శాతం. లాటరీ పెడితే పెద్దగా తేడా రాలేదు. మగవాడు క్లినిక్కుకి రావాలంటే ఒక రోజు కూలి పోతుంది, దారి ఖర్చు అవుతుంది. ఆ నష్టాన్ని మీరు భరించండి, లేదా క్లినిక్కునే అతని దగ్గరికి తీసుకెళ్లండి.

కిట్ ఇచ్చే ముందు రెండు ప్రశ్నలు తప్పనిసరి. ఒకటి, ఇప్పుడు హెచ్‌ఐవీ మందులు వాడుతున్నారా? వాడుతుంటే ఈ కిట్ నెగెటివ్ చూపించే అవకాశం ఉంది. నయమైపోయిందనుకుని మందు ఆపేస్తారు. దీనివల్ల ప్రాణాలే పోతాయి, అందుకే ఈ ఒక్క మాట కిట్ పెట్టె మీద అక్కడి భాష సెసోతోలో పెద్ద అక్షరాలతో అతికించండి. రెండోది, ఈ కిట్ ఎవరికి తీసుకెళ్తున్నారు, ఆ మనిషికి ఇవ్వడం వల్ల మీకు ప్రమాదం ఉందా? ఉందంటే ఇవ్వకండి.

వాడేటప్పుడు జరిగే తప్పులు దాదాపు ప్రతిచోటా అవే. పరీక్షకి 15 నిమిషాల ముందు నుంచి తినకూడదు, తాగకూడదు. నోరు శుభ్రం చేసుకునేవి 30 నిమిషాల ముందు నుంచి వాడకూడదు. మెత్తని ప్యాడ్‌ని వేళ్లతో ముట్టుకోకుండా పై చిగురు మీద ఒకసారి, కింది చిగురు మీద ఒకసారి తుడవాలి. చాలామంది పళ్లు తోముకున్నట్టు ముందుకీ వెనక్కీ రుద్దుతారు, లేదా నాలుక మీద పెడతారు. గొట్టంలోని ద్రవాన్ని ఒలకబోసేవాళ్లూ ఉన్నారు, అది తాగాలనుకునేవాళ్లూ ఉన్నారు. మూత తీయడం, స్టాండులో నిలబెట్టడం, తర్వాత ప్యాడ్ ముంచడం, ఈ వరుసని ఒట్టి మాటలతో చెప్పకుండా ఖాళీ కిట్‌తో చేసి చూపించండి. ఫలితం 20 నిమిషాలకి ముందు చూడకూడదు, 40 నిమిషాలు దాటాక నమ్మకూడదు. కొండ ఇళ్లలో వెలుతురు తక్కువ. సన్నటి గీత కనిపించక నెగెటివ్ అనుకుంటారు, కాబట్టి పగలు గుమ్మం దగ్గర కూర్చుని చూడమని చెప్పండి. ఎంత లేతగా ఉన్నా రెండు గీతలుంటే అది రియాక్టివ్. రియాక్టివ్ అంటే పాజిటివ్ అని తేలిపోయినట్టు కాదు. క్లినిక్కులో మొదటి పరీక్ష నుంచీ మళ్లీ మొత్తం చేయాలి. ఇంకో మాట, నోటి ద్రవంలో యాంటీబాడీలు (వైరస్‌కి స్పందనగా ఒంట్లో తయారయ్యేవి, కిట్ వెతికేది వీటినే) రక్తంలో కన్నా ఆలస్యంగా కనిపిస్తాయి. వైరస్ సోకే అవకాశం ఉన్న సంఘటన జరిగి మూడు నెలలు కాకపోతే నెగెటివ్‌ని చివరి మాటగా తీసుకోకూడదు. 72 గంటలు కూడా దాటకపోతే కిట్ ఇవ్వకుండా నేరుగా క్లినిక్కుకి పంపండి, వైరస్ రాకుండా ఆపే మందు అప్పుడే పనిచేస్తుంది.

పంచిన కిట్ల సంఖ్యని విజయంగా రాయకండి. వాడిన కిట్ తెచ్చి చూపించమని జనాన్ని ఇబ్బంది పెట్టకండి కూడా. క్లినిక్కులో కొత్తగా పాజిటివ్ వచ్చిన ప్రతి ఒక్కరినీ "ముందు ఇంట్లో కిట్‌తో చూసుకున్నారా, ఎవరిచ్చారు?" అని అడిగి రిజిస్టరులో ఒక గడి పెడితే చాలు. ఏ దారిలో పంచిన కిట్లు మనుషుల్ని తెస్తున్నాయో మూడు నెలల్లో తెలుస్తుంది.

మగవాళ్లని ఎప్పుడు, ఎక్కడ పట్టుకోవాలన్నది ఆ నేల తెలిసినవాళ్లని అడిగితే చెబుతారు. గనులు, తోటలు, ఇళ్ల నిర్మాణం పనుల కోసం సరిహద్దు దాటినవాళ్లు డిసెంబరులోనూ ఈస్టర్‌కీ ఇంటికి వస్తారు. సరిగ్గా అప్పుడే మన సిబ్బంది సెలవులో ఉంటారు! సెలవుల పట్టిక నవంబరులోనే మార్చుకోండి. కాపరులు వేసవిలో ఎత్తున ఉండే పశువుల మకాముల్లో ఉంటారు, చలికాలంలో మందలతో ఊళ్లకి దిగుతారు. మకాములకి గుర్రం మీదో నడిచో వెళ్లగలిగిన చిన్న జట్టుని పంపండి, లేదా దిగే కాలం కోసం ఆగండి. ఏ ఊరికి వెళ్లినా ముందు నాయకుణ్ణి కలిసి, పిట్సో అనే ఊరి సభలో మాట చెప్పించాలి. వాహనం మీద హెచ్‌ఐవీ అని రాసుకుని వెళ్తే దాని దగ్గర నిలబడ్డవాళ్లని ఊరంతా చూస్తుంది. రక్తపోటు, చక్కెర, క్షయ లక్షణాలు, హెచ్‌ఐవీ అన్నీ ఒకే గుడారంలో చూడండి. గుడారంలోకి వెళ్లిన ప్రతి ఒక్కరూ లోపల దాదాపు ఒకే సమయం గడిపేలా చూడండి. లేకపోతే ఎక్కువసేపు ఉన్నవాడికి ఫలితం ఏమొచ్చిందో బయటివాళ్లు ఊహిస్తారు.

ఇప్పుడు పరీక్ష సంగతి. ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతుంది, ఎవరూ గమనించరు.

వైరస్ ఎక్కువగా ఉన్న దేశాల్లో ఒకప్పుడు రెండు పరీక్షలు వరసగా రియాక్టివ్ వస్తే పాజిటివ్ అనేవాళ్లు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అన్ని దేశాలూ మూడు పరీక్షలకి మారాలంది. కారణం పైన వేసిన లెక్కలోనే ఉంది. ఆ 800 మందిలో 780 మందికి వైరస్ లేదు. పరీక్ష కిట్‌కి కనీసం ఉండాల్సిన కచ్చితత్వం 98 శాతం అనుకుంటే, వాళ్లలో 15, 16 మందికి మొదటి పరీక్ష తప్పుగా రియాక్టివ్ చూపించవచ్చు. నిజంగా వైరస్ ఉన్నవాళ్లు 20 మందే! రెండో పరీక్ష తర్వాత కూడా, 20 మంది నిజమైనవాళ్లకి 0.3 తప్పు మిగులుతుంది, అంటే ప్రతి 65 మందిలో ఒకరికి లేని జబ్బు ఉందని చెబుతాం. వంద మందికి ఒక్కరికి మించి తప్పు పోకూడదన్న హద్దు అక్కడే దాటిపోయింది. మూడో పరీక్షతో అది దాదాపు సున్నాకి వస్తుంది. దేశంలో ఎంతమందికి వైరస్ ఉందన్నది ఇక్కడ ముఖ్యం కాదు. ఆ రోజు మీ ముందు కూర్చున్నవాళ్లలో తెలియకుండా ఉన్నవాళ్లు ఎంత శాతం అన్నదే లెక్క. కార్యక్రమం బాగా నడిచిన కొద్దీ ఆ శాతం తగ్గుతుంది, తప్పుడు పాజిటివ్‌ల వాటా పెరుగుతుంది.

వరుస ఇలా నడవాలి. మొదటి పరీక్ష నాన్-రియాక్టివ్ అయితే నెగెటివ్ అని చెప్పేయండి. రియాక్టివ్ అయితే వేరే రకం కిట్‌తో రెండోది. రెండోది కూడా రియాక్టివ్ అయితే ఇంకో రకం కిట్‌తో మూడోది. మూడూ రియాక్టివ్ అయితేనే పాజిటివ్. మూడోది నాన్-రియాక్టివ్ అయితే ఫలితం తేలలేదని చెప్పి 14 రోజుల తర్వాత మళ్లీ రమ్మనాలి. మొదటిది రియాక్టివ్, రెండోది నాన్-రియాక్టివ్ అయితే మొదటిదాన్ని మళ్లీ చేయండి. ఈసారి నాన్-రియాక్టివ్ వస్తే నెగెటివ్, మళ్లీ రియాక్టివ్ వస్తే తేలలేదు, 14 రోజులు. గర్భిణులకి మొదటి పరీక్షగా హెచ్‌ఐవీ, సిఫిలిస్ రెండూ చూసే కిట్ వాడితే ఒకే సూదితో రెండు పనులవుతాయి. మందు మొదలుపెట్టే ముందు కొత్త రక్తపు చుక్కతో, వీలైతే వేరే సిబ్బంది చేత, మొత్తం వరుస మళ్లీ చేయించండి. చీటీలు తారుమారైన తప్పులు దొరికేది అక్కడే. అదే రోజు మందు మొదలుపెట్టాలంటే ఈ రెండోసారి పరీక్ష కూడా అదే రోజు, పక్క గదిలో జరగాలి. ఇప్పటికే మందు వాడుతున్నవాళ్లకి మాత్రం ఈ పరీక్షలు మళ్లీ చేయకండి, తప్పుడు నెగెటివ్‌తో అయోమయం పుడుతుంది.

చేతి పనిలో ఎక్కువగా చెడేవి చెబుతాను. డిటర్మిన్ లాంటి పట్టీకి 50 మైక్రోలీటర్ల రక్తం కావాలి. క్యాపిలరీ గొట్టంలో గీత దాకా నింపాలి, వేలిని నేరుగా ప్యాడ్‌కి అద్దకూడదు. రక్తం పూర్తిగా ఇంకాక ఒక్క చుక్క చేజ్ బఫర్ (రక్తాన్ని పట్టీ వెంట ముందుకి నడిపే ద్రవం) వేయాలి. ఇంకకముందే వేస్తే రక్తం పలచబడుతుంది, రెండు చుక్కలు వేస్తే కూడా అంతే. 15 నిమిషాలకి ముందు చదవకూడదు, 60 నిమిషాల తర్వాత చదవకూడదు. వరుస పెద్దదైతే ఐదో నిమిషంలోనే చూసి నెగెటివ్ రాసేస్తారు. లేత గీతలు వచ్చేవాళ్లు అక్కడ తప్పిపోతారు. ప్రతి బల్ల మీదా టైమర్ ఉండాలి. రిజిస్టరులో మొదలుపెట్టిన సమయం, చదివిన సమయం రెండూ రాయించండి. కంట్రోల్ గీత (పట్టీ పనిచేసిందని చూపేది) రాకపోతే టెస్ట్ గీత ఉన్నా లేకపోయినా ఆ పరీక్ష చెల్లదు.

కొండ చలి ఇంకో సమస్య. లెసోతో మొత్తం 1,400 మీటర్ల ఎత్తుకి పైనే ఉంది, మొఖోట్లాంగ్ వైపు చలికాలంలో మంచు పడుతుంది. కిట్లన్నీ 2 డిగ్రీలకి కింద గడ్డకట్టే చోట ఉండకూడదు. పైహద్దు చాలావాటికి 30, యూనిగోల్డ్ లాంటివాటికి 27. రాత్రంతా వాహనంలో వదిలేసిన పెట్టెని పొద్దున్నే వాడకండి. చల్లటి పొట్లం వెంటనే విప్పితే పట్టీ మీద తేమ చేరుతుంది, ద్రవం సరిగా పాకదు. గది వేడికి వచ్చేదాకా విప్పకుండా ఆగండి. చలికి వేళ్ల నుంచి రక్తం కూడా రాదు. పిండి తీస్తే కణాల ద్రవం కలిసి పలచబడుతుంది. గోరువెచ్చని నీళ్లలో రెండు నిమిషాలు చెయ్యి పెట్టించి, వేలి చివర పక్కగా గుచ్చి, మొదటి చుక్క తుడిచేసి రెండో చుక్క తీసుకోండి.

నాణ్యత చూడటానికి, తెలిసిన పాజిటివ్, నెగెటివ్ నమూనాలతో వారానికోసారి, కొత్త లాట్ (ఒకే విడతలో తయారైన కిట్లు) తెరిచినప్పుడల్లా, కొత్త మనిషి చేరినప్పుడల్లా పరీక్షించండి. ఎండబెట్టిన నమూనా గొట్టాలు మోటారు సైకిల్ మీద పంపినా పాడవవు, కాబట్టి దూరపు క్లినిక్కులకి ఏడాదికి రెండుసార్లు వాటితో సిబ్బంది పని పరీక్షించవచ్చు. తప్పిన మనిషిని శిక్షిస్తే వచ్చేసారి పక్కవాళ్లని అడిగి రాస్తారు. పక్కన కూర్చుని చేయించి చూడండి.

సరకు లెక్క. నెలకి వెయ్యి మందికి పరీక్ష, 25 మంది కొత్త పాజిటివ్‌లు అనుకోండి. మందుకి ముందు చేసే రెండోసారి పరీక్ష, తేడా వచ్చినప్పుడు మళ్లీ చేసేవి కలిపితే మొదటి కిట్లు సుమారు 1,045, రెండో రకం 70, మూడో రకం 51 కావాలి. పాడయ్యేవాటికి, నాణ్యత పరీక్షలకి పదో వంతు కలపండి. చిక్కు ఎక్కడంటే, రెండో, మూడో రకాలు 20 పట్టీల పెట్టెల్లో వస్తే, నెలకి ఒకరో ఇద్దరో పాజిటివ్ వచ్చే చిన్న క్లినిక్కులో గడువు తీరిపోతాయి. పెద్ద క్లినిక్కులో అదే సమయానికి అయిపోతాయి. మూడు నెలల గడువు మిగిలిన పెట్టెల్ని పెద్ద క్లినిక్కుకి మార్చే అధికారం ఒకరికి రాతపూర్వకంగా ఇవ్వండి. రెండో రకం అయిపోయిన రోజున మొదటి పరీక్షతోనే పాజిటివ్ అని చెప్పేసే క్లినిక్కులుంటాయి, అది జరగకూడదు. ఇంకొకటి, పట్టీల పెట్టెతో పాటు చేజ్ బఫర్, లాన్సెట్లు (వేలికి గుచ్చే సూదులు), క్యాపిలరీ గొట్టాలు చాలా ఆర్డర్లలో విడిగా రాయాలి. బఫర్ సీసా ఒకటి 2.5 మిల్లీలీటర్లు, దాదాపు వంద పరీక్షలకి. పట్టీలు నిండా ఉండి బఫర్ లేక పరీక్షలు ఆగిపోవడం ఈ రంగంలో అందరూ చూసిందే. ఆర్డరు కాగితంలో నాలుగూ ఒకే వరసలో పెట్టించండి.

పసిపిల్లలకి ఈ పట్టీలు పనికిరావు. తల్లి యాంటీబాడీలు బిడ్డ రక్తంలో 18 నెలల దాకా ఉండవచ్చు. తల్లికి వైరస్ ఉంటే ఆరు వారాలకి వైరస్ జన్యువుని చూసే పరీక్ష, తొమ్మిది నెలలకి మళ్లీ, తల్లిపాలు మానిపించాక చివరిది. నమూనా రాజధానికి వెళ్లి ఫలితం నెలకి వచ్చేసరికి కొందరు బిడ్డలు ఉండరు. జిల్లా ఆస్పత్రిలో క్షయ కోసం జీన్‌ఎక్స్‌పర్ట్ యంత్రం ఉంటే దాని మీదే బిడ్డల నమూనాలు కూడా చేయవచ్చేమో మొదటి వారంలోనే కనుక్కోండి. నెగెటివ్ వచ్చిన గర్భిణికి చివరి నెలల్లో ఇంకోసారి, పాలిచ్చే కాలంలో ఒకసారి పరీక్ష చేయడం మరవద్దు. బిడ్డలకి వైరస్ వచ్చే పెద్ద దారుల్లో ఒకటి, గర్భంతో ఉన్నప్పుడో పాలిస్తున్నప్పుడో తల్లికి కొత్తగా సోకడం. పరీక్షలు పెంచాల్సిన ఆడవాళ్లంటూ ఉంటే వీళ్లే.

ఫలితం చెప్పాక ఏమవుతుంది? బుథా-బుథేలో ఇళ్ల దగ్గర పరీక్ష చేసిన ఇంకో ట్రయల్ ఉంది, 2018లో అచ్చయింది. అదే రోజు ఇంట్లోనే మందు ఇచ్చినవాళ్లలో 68.6 శాతం మంది మూడు నెలలకి క్లినిక్కుతో ముడిపడ్డారు. మామూలుగా క్లినిక్కుకి పంపినవాళ్లలో 43.1 శాతమే. ఏడాదికి వైరస్ అదుపులో ఉన్నవాళ్లు 50.4, 34.3 శాతం. అంటే ఊళ్లోకి వెళ్లే జట్టు సంచిలో రోజుకి ఒక మాత్ర మందు (టెనోఫోవిర్, లామివుడిన్, డొలుటెగ్రావిర్ కలిసినది) 30 రోజులకి ఉండాలి, దాన్ని ఇవ్వడానికి అర్హత ఉన్న నర్సు జట్టులో ఉండాలి. తీవ్రమైన తలనొప్పి, మెడ బిగుసుకోవడం, అయోమయం ఉంటే మాత్రం ఆ రోజు మందు ఇవ్వకండి. మెదడు పొరల జబ్బు ఉండగా ఈ మందు మొదలుపెడితే ప్రాణం మీదికి వస్తుంది, ముందు ఆస్పత్రికి పంపాలి. జనవరిలో మళ్లీ సరిహద్దు దాటి పనికి వెళ్లిపోయే మనిషికి, మొదటి నెల తట్టుకున్నాక, మూడు నుంచి ఆరు నెలల మందు ఒకేసారి ఇవ్వండి. ఏ మందు, ఎప్పుడు మొదలైంది, చివరి వైరల్ లోడ్ ఎంత అన్నది రాసిన ఉత్తరం చేతికివ్వండి. రిజిస్టరులో "పంపించాం" అనే మాటకి విలువ లేదు. మొదటి మాత్ర తేదీ, రోగి మందుల నంబరు ఉంటేనే చేరినట్టు.

డబ్బు గురించి ఒక మాట. ఈ ప్రాంతంలో పరీక్షలు చాలా ఏళ్లుగా పెప్‌ఫార్ అనే అమెరికా నిధి మీద బాగా ఆధారపడ్డాయి. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయం ఆపేసినప్పుడు ప్రాజెక్టు జీతాల మీద ఉన్న కౌన్సెలర్లు ముందు వెళ్లిపోయారు. మీ ప్రణాళికలో ఏ పని ఎవరి జీతం మీద నడుస్తుందో ఇప్పుడే రాసుకోండి. నిధులు సగానికి పడితే ఊళ్లలో అందరికీ చేసే పరీక్షలు ముందు ఆపండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, వాళ్ల బిడ్డలు, క్షయ, సుఖవ్యాధి రోగులు, భాగస్వాములు, వీళ్ల పరీక్షలు చివరిదాకా ఆగకూడదు. వీటిని ప్రభుత్వ నర్సులకి ఇప్పటినుంచే నేర్పి, రోజూ వాళ్ల చేతే చేయించండి. రెండో, మూడో రకం కిట్లు ప్రభుత్వ మందుల కొనుగోలు జాబితాలో ఉన్నాయో లేదో చూసి, లేకపోతే వచ్చే బడ్జెట్ కన్నా ముందే అర్జీ పెట్టండి.